మా మామ నుంచి నన్ను కాపాడిన దేశాలు

మే 5, సోమవారం

లేదు, నేను అక్కడికి పోయింది క్యారేజీ ఇవ్వడానికే. ఇంకెందుకూ కాదు.

ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పలేను కాబట్టి ఇక్కడ పెట్టుకుంటున్నా. ఇది నా నంబరుకి నేనే పంపుకునే మెసేజ్. పంపగానే రెండు నీలం గీతలు పడతాయి, ఎవరో చదివినట్టు. తప్పులుంటే ఫోన్‌వి. నేను ఎనిమిదితో బడి ఆపేశాను.

మా చెల్లెలు షైనీ మిషన్ కాంపౌండులో ఆడపిల్లల సమ్మర్ క్యాంపుకి పోతోంది. గేటు మీద బ్యానర్ కట్టారు: బాలికలకు మానవ హక్కులు, ప్రపంచ పౌరసత్వం. పొద్దున ఊరి పెద్ద రామనారాయణ గారు ప్రారంభించారు. షామియానా, మైకు ఆయనవే. ఊళ్ళో ఏ మైకైనా ఆయనదే.

"ఈ క్యాంపు జరిగినన్నాళ్ళూ ఈ ఆడబిడ్డలు ఏం తీర్మానం చేస్తే అదే నా మాట. ఉదయగిరి కొండ మీద ఒట్టేసి చెప్తా ఉండా" అన్నారట. అందరూ ఫోన్లలో వీడియో తీశారు. పిల్లలు అక్కడికక్కడే మొదటి తీర్మానం చేశారట, వేదిక మీదున్న ఫ్యాన్ తమవైపు తిప్పాలని. ఆయన చెమటలు కారుస్తూ చప్పట్లు కొట్టారట. ఇదంతా షైనీ చెప్పింది. నేను పోయింది మధ్యాహ్నం. క్యారేజీ ఇవ్వడానికి.

ఇంట్లో మామ ఉన్నాడు. సురేంద్రబాబు మామ, అమ్మ తమ్ముడు. బెంగుళూరులో బేకరీ నడుపుతాడు. నిన్న దిగాడు. పోయేటప్పుడు నన్ను తీసుకుపోతాడట. పదిహేనో తారీకుకి ఇద్దరికీ టికెట్లు తీశాడు. నన్ను కౌంటర్లో పెడతాడట.

"పనేం లేదురా అబ్బయా. నిలబడి 'ఏన్ బేకు సార్' అని అరిస్తే చాలు. ఏం కావాలని అడగడమే గదా. పొద్దుగూకేలోపల వెయ్యిమందితో మాట్లాడతావు."

వెయ్యిమంది.

అవ్వ దేవుడికి స్తోత్రం చెప్పి కోడిని కోసింది. అమ్మా నాయనా ఆత్మకూరు దగ్గర ఇటుక బట్టీలో ఉన్నారు, ఫోన్లోనే సరే అన్నారు. నేను తల ఊపాను. నేను అన్నిటికీ తల ఊపుతాను.

నాకు ఇప్పుడున్న పని బాగానే ఉంది. సిద్ధయ్య తాత దగ్గర చెక్క స్పూన్లని ఎమ్రీ పేపర్‌తో రుద్ది నున్నగా చెయ్యడం. స్పూన్లని ఏం కావాలని అడగక్కర్లేదు.

నాకు పోవాలని లేదు. ఇది ఎవరికీ చెప్పలేదు.

గీతలు పడ్డాయి.

మే 6, మంగళవారం

మళ్ళీ క్యారేజీ.

అక్కడ పాఠం చెప్పే ఆమె అశ్విత మేడం. నెల్లూరు నుంచి వచ్చింది. చీటీలు తీయించి పిల్లలకి తలా ఒక దేశం ఇచ్చింది. దేశం పేరు అట్టముక్క మీద రాసి మెడలో వేలాడదీసింది. షైనీ కెన్యా. వింజమూరు నుంచి ఆటోలో వచ్చే పిల్ల నార్వే. సుకుమారి దగ్గరికి వచ్చేసరికి చీటీలు అయిపోయాయి. సుకుమారికి దేశం లేదు. మొహం ఇంత చేసుకుని కూర్చుంది. ఆ పిల్ల ఇల్లు ఎక్కడో నాకు తెలియదు. నీళ్ళ ట్యాంకు పక్కన నీలం గేటు.

నేను తలుపు దగ్గర క్యారేజీ పట్టుకుని నిలబడ్డాను. మేడం శరణార్థుల గురించి చెప్తోంది. ప్రాణభయంతో దేశం వదిలి పారిపోయి వచ్చినవాళ్ళని శరణార్థులంటారు. ప్రమాదం ఉన్నచోటికి వాళ్ళని తిప్పి పంపకూడదు. శరణు అడిగే హక్కు ప్రతి మనిషికీ ఉంది.

"ఇప్పుడు మనకొక శరణార్థి కావాలి. ఎవరు చేస్తారు?"

ఎవరూ చెయ్యి ఎత్తలేదు. దేశం చేతికి వచ్చాక ఎవరు వదులుకుంటారు? అందరూ తలుపు వైపు తిరిగారు.

"మా అన్న మేడం," అంది షైనీ. "బెంగుళూరికి పంపిస్తా ఉండారు."

"సూపర్! చెప్పు బాబూ, నీకు అక్కడికి పోవాలనుందా?"

తల అడ్డంగా ఊగింది. నేను ఊపలేదు. అదే ఊగింది.

చప్పట్లు కొట్టారు. భలే యాక్షన్ చేశాడు అన్నారు. తర్వాత నన్ను ఎవరు చేర్చుకోవాలని దేశాలు మాట్లాడుకున్నాయి. బ్రెజిల్ తనకి ఇప్పటికే ఇద్దరు తమ్ముళ్ళున్నారని చెప్పింది. జపాన్ మొగపిల్లల్ని తీసుకోదట.

"కెన్యాలో చోటు లేదు," అంది నా సొంత చెల్లెలు. "ఇంట్లో ఫ్యాను కింద చోటంతా వీడే పండుకుంటాడు. ఇక్కడ గూడా ఇయ్యాల్నా?"

నార్వేకి పక్కన రెండు బెంచీలు ఖాళీగా ఉన్నాయి. నార్వే సరే అంది. కానీ ముందు ప్రశ్నలు అడగాలంది.

"శరణార్థి పేరేంది?"

నేను చెప్పలేదు. అంటే చెప్పబోయాను. రాలేదు.

"ఆయన పేరు దయాసాగర్ అంటా ఉండాడు," అని సుకుమారి లేచింది. "దేశం లేనోళ్ళకి ఏదో ఒక పని ఉండాల గదా మేడం. నేను దుబాసీని, ఆయన మాట మీకు చెప్పేదాన్ని."

"ఆయన ఏం అన్లేదే," అంది నార్వే.

"నువ్వు నార్వే. నీకు తెలుగు రాదు. గమ్మునుండు."

మేడం చాలా సంతోషపడింది. పార్టిసిపేషన్ అంటే ఇది అంది.

క్యారేజీ షైనీకి ఇచ్చి బయల్దేరబోతే సుకుమారి చొక్కా పట్టుకుంది. "ఏయ్, ఎక్కడికి పోతా ఉండావు? నిన్ను తిప్పి పంపగూడదు. ప్రమాదం."

"ఆట అయిపోయింది కదమ్మా," అంది మేడం.

"యుద్ధం అయిపోయిందా మేడం?" అని అడిగింది జపాన్.

మేడం బోర్డు తుడవడం మొదలుపెట్టింది. నేను ఐదు గంటలదాకా నార్వేలో కూర్చున్నాను. బెంచీ మీద ఎవరో కాంపాసుతో చెక్కిన పువ్వు ఉంది.

మే 7, బుధవారం

మామ నన్ను బట్టలు కొనడానికి ఆత్మకూరు తీసుకుపోదామని క్యాంపు దగ్గరికి వచ్చాడు. (నేను క్యారేజీ ఇవ్వడానికి వచ్చాను. పొద్దున్నే. వంట కాకముందే.)

గేటు దగ్గర సుద్దముక్కతో గీత గీసి ఉంది. జపాన్ కాపలా.

"మామా, గీత దాటబాక. దాటితే యుద్ధం."

"ఏందమ్మా ఇది? మా అబ్బయిని తీస్కపోను వచ్చినా."

"వీసా ఉండాదా?"

"నా మేనల్లుడి కోసం నాకు వీసా ఏందే!"

"అందరూ అట్నే అంటారు," అంది జపాన్.

మామ బండి వేసుకుని రామనారాయణ గారింటికి పోయాడు. కాసేపటికి ఇద్దరూ వచ్చారు. రామనారాయణ గారు కూడా గీత బయటే ఆగారు. సుకుమారి మొత్తం చెప్పింది. మధ్యలో 'మా శరణార్థి' అని రెండుమూడు సార్లు అంది. మా శరణార్థి.

"ఏం చేసేదయ్యా సురేంద్రా," అన్నారు రామనారాయణ గారు. "మైకులో చెప్పినా. వీడియో ఉండాది. నెల్లూరు దాకా పోయిందంట. ఇప్పుడు ఎనక్కి తగ్గితే బాగుండదు."

"పిల్లకాయల ఆటన్నా!"

"ఆటే. పద్నాలుగో తారీకు వీళ్ళ ప్రపంచ సభ ఉండాది. అందులో తేలుస్తారంట. వాళ్ళు పొమ్మంటే నువ్వు తీస్కపో. వద్దన్నారనుకో, ఇక్కడే ఉంటాడు. రెండుట్లో నాకేం పట్టింపు లేదు, కాకపోతే ఫ్యాను మాత్రం ఆ రోజు నావైపు పెట్టండమ్మా."

అంటే పదిహేను నాడు నేను బస్సెక్కుతానా లేదా అన్నది ఇప్పుడు నార్వే, జపాన్, బ్రెజిల్ చేతుల్లో ఉంది. మామ చేతుల్లో లేదు. నా చేతుల్లో ముందూ లేదు.

ఐదింటికి మేడం గదికి తాళం వేసింది. శరణు కూడా ఐదింటికి మూసేస్తారు. గేటు బయట మామ బండి మీద కూర్చుని ఉన్నాడు.

"ఐదయిందా?"

తల ఊపాను.

"ఎక్కు."

దారిలో చెరుకురసం ఇప్పించాడు. ఐసు ఎక్కువ వేయించాడు. ఇంటికొచ్చాక ఇద్దరం పక్కపక్కనే తిన్నాం. అవ్వకి మాత్రం అర్థం కాలేదు.

"ఎవురికి భయపడి దాంకుంటా ఉండావంట్రా?"

షైనీ మామని చూపించింది.

"ఈడికా? ఈడి పక్కలోనే గదరా నువ్వు పండుకునేది!"

మే 8, గురువారం

నార్వేలో ఫ్యాన్ తిరుగుతుంది. కెన్యాలో తిరగదు. షైనీ నాతో మాట్లాడ్డం లేదు.

మే 9, శుక్రవారం

మామే పొద్దున బండి మీద సరిహద్దు దగ్గర దించాడు. ఎండలో నడవద్దన్నాడు.

ఈ రోజు నా విచారణ. పొద్దున పెట్టాల్సిన క్లాసు పక్కన పెట్టి విచారణ పెట్టారు. ఆ క్లాసు ఏంటో గోడ మీద చార్టులో ఉంది: పని, ఇష్టమైన పని ఎంచుకునే హక్కు. మేడం దాని మీద ఒక గీత కొట్టింది. తర్వాత చూద్దాం అంది.

"ఎందుకు పారిపోయి వచ్చినావు?" నార్వే అడిగింది.

నేను కింద చూశాను.

"ఆయన అంటా ఉండాడు," సుకుమారి మొదలుపెట్టింది, "నేను పుట్టింది ఈ కొండ కింద. నాకు ఈ కొండ కనపడకపోతే ఊపిరాడదు. మా చెల్లెలంటే నాకు ప్రాణం. నాకు బెంగుళూరు చలి పడదు."

నేను ఇందులో ఏమీ అనలేదు. కొండ వైపు నేను ఎప్పుడూ సరిగ్గా చూడలేదు. కానీ ఆమె చెప్తుంటే నాకే నిజమనిపించింది. షైనీ ముక్కు చీదుకుంది. నార్వే కళ్ళు తుడుచుకుని, నార్వేలో అంతకన్నా చలి ఉంటుంది కదా అని అడిగింది.

"ఆయన సర్దుకుంటానంటా ఉండాడు," అంది సుకుమారి.

నేను తల ఊపాను.

ఆమెకి చెవుల కింద చెమట పడుతుంది. ఎండాకాలం కాబట్టి. అందరికీ పడుతుంది.

మే 11, ఆదివారం

క్యాంపు లేదు. ప్రపంచం సెలవు. శరణు కూడా లేదు. మామతో కలిసి చర్చికి పోయాను. ఒకే చాప మీద కూర్చున్నాం. సుకుమారి ముందు వరసలో ఉంది. వెనక్కి చూడలేదు, అంటే చూసిందో లేదో నేను చూడలేదు.

మధ్యాహ్నం మామ నాకు అరవడం నేర్పించాడు.

"గొంతులోంచి కాదురా. కడుపులోంచి రావాల. ఇట్టా చూడు. ఏన్ బేకు సార్!"

పక్కింటి కుక్క లేచి నిలబడింది. నా నోట్లోంచి గాలి వచ్చింది.

"పర్లా. మొదుట్లో నాకూ అంతే," అన్నాడు. అని ఉప్పునీళ్ళు పుక్కిలించాడు. మామ రోజుకి ఎన్నోసార్లు పుక్కిలిస్తాడు. గొంతు గరగరలాడుతూ ఉంటుంది. అరుపు మాత్రం పెద్దదే. అరుపు అయ్యాక మాట చిన్నగా వస్తుంది.

మే 12, సోమవారం

ఇలా అవుతుందనుకోలేదు.

నార్వే, జపాన్ ఒక మాట అనుకున్నాయట. కొండ కనపడకపోవడం, చలి పడకపోవడం చాలవు, ప్రమాదం ఉండాలి. మేడం చెప్పింది ప్రమాదం గురించే. ప్రమాదం ఏంటో చెప్పకపోతే సభలో ఓటు వేయం అన్నాయి.

సుకుమారి నావైపు చూసింది. నేను బెంచీ మీద పువ్వు వైపు చూశాను.

"పొయ్యి," అంది.

"ఏం పొయ్యి?"

"బేకరీలో పొయ్యి ఉంటది. మనిషి పట్టేంత. మాట ఇనకపోతే తలుపు తీసి దాని ముందర నిలబెడతాడంట. ఈయన కంటే ముందు పోయినోడు ఇప్పటికీ దొరకలేదంట."

బ్రెజిల్ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. నేను కాదనలేదు. ఆమె చెప్పేటప్పుడు వినాలనిపిస్తుంది. విషయం బాగుంటుంది. విషయమే.

సాయంత్రం మామ గేటు దగ్గర "ఐదయిందా?" అన్నాడు. జపాన్ భయపడి గీత దగ్గర్నుంచి నాలుగడుగులు వెనక్కి వేసింది. చెరుకురసం తాగలేకపోయాను.

మే 13, మంగళవారం

పొయ్యి ఊరంతా పాకింది. సిద్ధయ్య తాత స్పూన్ చెక్కడం ఆపి నా చేతులు తిప్పి చూశాడు, కాలిన గుర్తులున్నాయేమోనని. బస్టాండు దగ్గర మామ టీ అడిగితే కొట్టాయన పాలు లేవన్నాడు. పాలు ఎదురుగా మరుగుతున్నాయి. ఒకామె బిడ్డని చంక మార్చుకుంది.

రామనారాయణ గారు ఇంటికే వచ్చారు. కూర్చోలేదు.

"సురేంద్రా, నాకు ఆట వేరే, ఇది వేరే. ముందు పోయిన పిల్లోడెవురయ్యా? రేపు సభలో మా శరణార్థి నోట ఆ మాట మళ్ళా వస్తే అక్కణ్ణించే ఎస్సైకి ఫోన్ చేస్తా."

మా శరణార్థి అని ఆయన కూడా అంటున్నారు.

"అన్నా, పొయ్యి ఇంతే ఉంటది," అని మామ చేతులతో చూపించాడు. కనీసం తల కూడా పట్టదు. గొంతు లేవడం లేదు. రామనారాయణ గారికి వినపడలేదు, వెళ్ళిపోయారు.

మామ అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. నేను చెప్పేస్తాను రేపు. మామ కొట్టడు అని. చిన్న మాటే. కానీ అది చెప్తే నన్ను తిప్పి పంపేస్తారు. ప్రమాదం లేకపోతే శరణు లేదు.

చెప్పకపోతే ఎస్సై.

చెప్తాను. సుకుమారికి చెప్తే ఆమె చెప్తుంది.

ఇది ఆమెకి మెసేజ్ పెట్టొచ్చు. నంబరు లేదు. ఉంది కానీ షైనీ ఫోన్లోంచి చూసి రాసుకున్నది, కాబట్టి లేనట్టే.

మే 14, బుధవారం

వరసగా పెడతాను, లేకపోతే రేపటికి నేనే నమ్మను.

షామియానా నిండింది. రామనారాయణ గారు వేదిక మీద, ఫ్యాన్ ఆయన వైపు. మామ మెడలో పిల్లలు 'బెంగుళూరు' అని అట్టముక్క వేలాడదీసి ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. మామ వేయించుకున్నాడు. వంగి మరీ వేయించుకున్నాడు, ఆ పిల్లకి అందలేదని. నేను సుకుమారి పక్కన.

"మా శరణార్థి అంటా ఉండాడు," అని మైకులో మొదలుపెట్టింది. కొండ వచ్చింది. చలి వచ్చింది. పొయ్యి వచ్చింది. ఈసారి పొయ్యిలోంచి కేకలు కూడా వచ్చాయి. జనంలో ఎవరో "అమ్మా" అన్నారు. రామనారాయణ గారు జేబులోంచి ఫోన్ తీశారు.

మామ లేచాడు. నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. గాలి మాత్రం వచ్చింది. మొత్తం గొంతు పోయింది. వెయ్యిమందిని పిలిచే గొంతు.

"కొట్టడు," అన్నాను.

సుకుమారి ఆగింది. "ఏంది?"

"మామ కొట్టడు."

"ఇప్పుడా చెప్పేది!" అంది చిన్నగా. మైకు వైపు తిరిగింది. "ఆయన అంటా ఉండాడు..." అని ఆగిపోయింది. నేను నిజంగా ఏదైనా అనడం ఆమెకి అదే మొదటిసారి. ఏం చెయ్యాలో తెలియలేదు. మైకు నా మూతి ముందు పెట్టింది.

"మా మామ కొట్టడు. పొయ్యి చిన్నది. చెరుకురసం ఇప్పిస్తాడు."

నా గొంతు షామియానా గుంజలకి తగిలి వెనక్కి వచ్చింది. వేరే ఎవరిదో అనుకున్నాను.

"మరి ముందు పోయినోడు?" రామనారాయణ గారు.

"ఎవరూ పోలేదు."

"మరి నీకు భయం దేనికి?" అడిగింది నార్వే. తెలుగులోనే అడిగింది.

"అరవాలి."

"ఏమని?"

"ఏన్ బేకు సార్ అని."

బ్రెజిల్ దగ్గర మొదలైన నవ్వు షామియానా చివరిదాకా పోయింది. రామనారాయణ గారు కూడా కళ్ళజోడు తీసి నవ్వారు. మామ నవ్వలేదు. మామ నన్నే చూస్తున్నాడు.

దేశాలు పక్కకి పోయి మాట్లాడుకుని వచ్చాయి.

"అరవాలంటే భయం అన్నాడు," అంది జపాన్. "ఇప్పుడు ఊరంతటి ముందర మైకులో మాట్లాడినాడు. కాబట్టి భయం లేదని తేలిపోయె. శరణు ఇచ్చేదానికి లేదు."

"అది అన్యాయం!" సుకుమారి గదిలోంచి తెచ్చి వేదిక వెనక కట్టిన చార్టు చూపించింది. "ఇష్టమైన పని ఎంచుకునే హక్కు ఉండాది. అదిగో, రాసుండాది. మేడం, చెప్పండి."

"ఉంది," అంది మేడం. "కానీ ఆ క్లాసు మనకి జరగలేదమ్మా."

"ఎందుకు జరగలా?"

"ఇతని విచారణ పెట్టుకున్నాం కదా ఆ రోజు."

"చెప్పని పాఠం పరీక్షలో రాదు," అంది నార్వే. అందరికీ అది న్యాయంగానే తోచింది.

చేతులెత్తించారు. నా వైపు సుకుమారి ఒక్కతే చెయ్యి ఎత్తింది. ఆమెకి దేశం లేదు కాబట్టి లెక్కపెట్టలేదు. కెన్యా చెయ్యి సగం లేచి, జుట్టు సర్దుకుని దిగిపోయింది.

"తీర్మానం తీర్మానమే," అని రామనారాయణ గారు హాయిగా ఫోన్ జేబులో పెట్టుకున్నారు. చప్పట్లు.

అప్పుడు మామ వేదిక దగ్గరికి వచ్చి సుకుమారి చెవిలో ఏదో చెప్పాడు. గొంతు లేదు కదా. ఆమె అర్థం కాక మళ్ళీ చెప్పమంది. మామ మళ్ళీ చెప్పాడు. సుకుమారి ఈసారి మైకులో కొండ పెట్టలేదు, ఏమీ పెట్టలేదు.

"ఆయనక్కూడా పోవాలని లేదంట."

జనం నవ్వబోయి ఆగారు.

"పదైదేళ్ళుగా అరస్తా ఉండాడంట. గొంతుకి ఆపరేషన్ చెయ్యాలన్నారంట. అరిసేదానికి ఈ అబ్బయి ఉంటే తను గమ్మున లోపల బన్నులు చేసుకుంటాననుకున్నాడంట. నన్ను గూడా ఉంచుకుంటారామ్మా, అని అడగతా ఉండాడు."

నార్వే మేడం వైపు చూసింది. మేడం వాచీ వైపు చూసింది.

"ఇప్పటికిప్పుడు కొత్త కేసంటే కష్టం," అంది మేడం. "క్యాంపు అయిపోయింది కదా. అందరూ గ్రూప్ ఫోటోకి రండి."

మామ నవ్వాడు, ఊరికే అన్నాను అన్నట్టు. దాంతో అందరూ ఇప్పుడు ధైర్యంగా నవ్వారు. ఫోటోలో మామ మెడలో బెంగుళూరు అలాగే ఉంది. నేను కళ్ళు మూసుకున్నాను.

సుకుమారి వెళ్తూ, "నీ గొంతు బాగుండాది, ఎందుకు దాస్తావు?" అంది.

ఇది నేను కల్పించుకోలేదు. పక్కన షైనీ ఉంది. షైనీని అడగొచ్చు.

మే 15, గురువారం

ఆత్మకూరు బస్టాండు. బెంచీ మీద ఒక్కణ్ణే ఉన్నాను.

పొద్దున ఇద్దరం బ్యాగులతో వచ్చాం. అవ్వ ప్రార్థన చేసి పంపింది. అమ్మా నాయనా బట్టీ దగ్గర్నుంచి వచ్చి, నాకు చెప్పులు కొనిపెట్టి మళ్ళీ పనికి పోయారు. బెంగుళూరు బస్సు ఇంకా రాలేదు. మామ, నేను వేరుశనక్కాయలు తింటూ కూర్చున్నాం. మామకి కొంచెం గొంతు వచ్చింది.

"ఒరే అబ్బయా."

చూశాను.

"నీకు రావాలని ఉండాదా?"

అదే మొదటిసారి మామ అడగడం. పొట్టు ఊదుకుంటూ, నా మొహం వైపు చూడకుండా అడిగాడు. కింద సుద్దగీత లేదు. పక్కన దుబాసీ లేదు.

"లేదు," అన్నాను.

"సరే," అన్నాడు.

అంతే. సరే అన్నాడు. నేను ఇంకా ఏదో ఉంటుందని కూర్చున్నాను. ఏమీ లేదు. లేచి, నా బ్యాగు నా ఒళ్ళో పెట్టి, ఒక టికెట్టు వెనక్కి తీసుకుంటారేమో అని బస్టాండు ఆఫీసులో అడగడానికి పోయాడు. తీసుకోరట. పక్క సీట్లో కాళ్ళు చాపుకుంటాలే అన్నాడు.

ఒక్క మాటతో అయ్యేదానికి నార్వే అంత కష్టపడింది.

బస్సు వచ్చింది. మామ ఎక్కాడు. కిటికీలోంచి చెయ్యి ఊపాడు, నేనూ ఊపాను. బస్సు మలుపు తిరిగేదాకా నవ్వుతూనే ఉన్నాను. తర్వాత మామ అక్కడ దిగి రేపు పొద్దున్నే మళ్ళీ కౌంటర్లో నిలబడి అరవాలి కదా అనుకున్నాను. గొంతు సరిగా లేకుండానే. నన్ను మామ అడిగాడు. మామని నేను అడగలేదు. ఎవరైనా ఎప్పుడైనా అడిగారో లేదో తెలియదు.

మామకి మెసేజ్ పెడితే లాభం లేదు, చదవడు. ఫోన్ చెయ్యాలి. చేస్తే ఎత్తుతాడు. ఎత్తితే నేను మాట్లాడాలి. 'మామా, నీకు పోవాలని ఉందా' అని అడగాలి. లేదు అంటే? సరే అనడానికి నేనెవర్ని? దిగి వచ్చెయ్ అంటే మామ ఎక్కడ ఉంటాడు, బేకరీ ఏమవుతుంది? ఉంది అని అబద్ధం చెప్తే నేను నమ్మాలా?

బస్సు ఇంకా ఎంతో దూరం పోయి ఉండదు. నంబరు తీసి పెట్టుకున్నాను, వేలు దాని మీదే ఉంది.

నువ్వయితే చేస్తావా?